బావగారు పట్టిన చీట్ కోడ్

అర్ధరాత్రి వేళ, శ్మశానంలో, ఒంటి మీద డ్రాయరు తప్ప మరేమీ లేకుండా రాకుమారి పక్కన కూర్చున్న వీరుడికి ఆపద రాకపోతేనే ఆశ్చర్యపడాలి. ‘ఘోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్’ అనే వీడియో గేమ్ సరిగ్గా అలాగే మొదలవుతుంది. సైతాను దిగివచ్చి రాకుమారిని ఎత్తుకుపోతాడు. ఆర్థర్ అనే ఆ వీరుడు ఆదరాబాదరాగా ఇనప కవచం తొడుక్కుని బయలుదేరతాడు. ఒక్క దెబ్బకు కవచం ఊడిపోయి మళ్లీ డ్రాయరే మిగులుతుంది, రెండో దెబ్బకు ఎముకలు మిగులుతాయి. 1985లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ దీన్ని నాణెం వేసి ఆడే యంత్రాల కోసం తయారుచేసింది కనుక, ఆటగాడు త్వరగా పోవడంలో అంతో ఇంతో వ్యాపారం ఉండేది. మరుసటి ఏడాది నింటెండో కంపెనీ ఆటపెట్టె ద్వారా ఇళ్లలోని టీవీల్లోకి వచ్చింది. నాణెం అక్కర్లేకపోయింది గానీ, చావుల్లో మాత్రం రాయితీ ఇవ్వలేదు.

మా బావగారికి ఈ ఆటతో పాత పగ ఉంది. వేల ఆటలున్నాయని మీద అచ్చువేసి, లోపల ఆ పదీ పదిహేనింటినే పేర్లు మార్చి చూపించే క్యాసెట్లు రాజ్యమేలిన తొంభైల్లో, గంటకు ఇంతని తీసుకునే దుకాణంలో ఆయన దీన్ని ఆడారు. ఆడారనడం కంటే, మొదటి స్టేజీలో ఎగిరే ఎర్ర పిశాచానికి క్రమం తప్పకుండా ఆహుతయ్యారనడం న్యాయం. తర్వాత ఆయన చదువుకుని, ఆడిటర్ అయ్యి, ఊళ్లోవాళ్ల లెక్కల్లో తప్పులు పట్టి ఎందరినో ఏడిపించారు. ఆ పిశాచాన్ని మాత్రం ఏమీ చేయలేకపోయారు.

ఈ వేసవిలో నేను వాళ్లింటికి వెళ్లేసరికి పగ మళ్లీ రాజుకుని ఉంది. మా మేనల్లుడు కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ పెట్టాడు. అంటే, ఇప్పటి కంప్యూటర్ తాను నలభై ఏళ్ల నాటి ఆటపెట్టెనని నటించే ఏర్పాటు. అందులో ఆటను ఏ క్షణంలోనైనా ఉన్నది ఉన్నట్టు దాచుకోవచ్చు, చచ్చిపోతే దాచుకున్న క్షణానికి తిరిగి రావచ్చు. చీట్ కోడ్, అంటే ఆట నియమాలను ఏమార్చే రహస్య సంకేతం, వేస్తే ప్రాణాల లెక్క తగ్గకుండా ఆపేయవచ్చు కూడా.

“ఇది మోసం కాదా బావగారూ?” అన్నాను.

అనకుండా ఉండవలసింది. ఆడిటర్లు రాత్రిపూట ఏం చదువుతారో ఆ రోజే తెలిసింది. జపాన్‌లో హషిమోటో అనే ఉద్యోగి ‘గ్రేడియస్’ ఆటను పరీక్షిస్తూ, అది తనకే కొరుకుడుపడక, పైకి పైకి కిందకి కిందకి అంటూ మీటలతో ఒక రహస్య మంత్రం పెట్టుకున్నాడట. 1986లో ఆట ఆ మంత్రంతోనే బజారుకెక్కింది. ‘కాంట్రా’ అనే మరో ఆటలో ముప్ఫై ప్రాణాలిచ్చింది కూడా అదే. “తయారుచేసినవాడికే లేని పట్టింపు మనకెందుకు?” అన్నారు బావగారు. అక్కడితో వదలలేదు. చీట్ కోడ్ల కోసం ‘గేమ్ జీనీ’ అనే పరికరం అమ్మబోతే, దాన్ని ఆపాలని నింటెండో కోర్టును కోరిందట. 1992లో అమెరికా అప్పీలు కోర్టు ఆ పరికరం అమ్మినవాళ్ల పక్షాన తీర్పు ఇచ్చిందట. “కొనుక్కున్న ఆటను ఎలా ఆడుకుంటామన్నది మన ఇష్టం. నజీరు ఉంది” అని కళ్లజోడు సవరించుకున్నారు. ఈ ఆటను ఆయన ఎప్పుడు కొన్నారో అడుగుదామనుకుని, అక్క పెసరట్లు తెస్తుండటంతో ఊరుకున్నాను.

తరగని ప్రాణాలతో ఆయన సాధించినదల్లా తరగని చావులే. చచ్చిన ప్రతిసారీ ఆట ఆయన్ని వెనక్కి లాక్కెళ్లి అదే పిశాచం ముందు నిలబెట్టేది. దాంతో దాచుకోవడం మీద పడ్డారు. రెండడుగులు వేయడం, దాచుకోవడం. ఒక దయ్యాన్ని పొడవడం, దాచుకోవడం.

“నాన్నా, దాచుకోవడానికి పది గళ్లున్నాయి. ఒక్కదాన్లోనే పెట్టకు” అన్నాడు పిల్లవాడు.

“ఒక పద్దుకు ఒకటే పుస్తకం. రెండు పుస్తకాలున్నచోటే నాకు పని పడుతుంది” అన్నారు ఈయన.

ఆర్థర్‌కు ఒక ముఖ్యమైన లోపం ఉంది. గెంతాక గాలిలో దిశ మార్చుకోలేడు. ఎటు గెంతాడో అటే పోవాలి, తర్వాత పశ్చాత్తాపపడి లాభం లేదు. కదిలే పలకల మీద నుంచి బావగారు తప్పుడు గెంతు వేసి, అది తప్పని తెలిసిన క్షణంలోనే లోడ్ నొక్కబోయి పక్కనున్న సేవ్ నొక్కారు. పుస్తకంలోని ఏకైక పద్దు మారిపోయింది. ఇక ఎన్నిసార్లు లోడ్ చేసినా వీరుడు అగాధం నడిమధ్యన ప్రత్యక్షమై, మన వైపు చూసినట్టే చూసి, పడిపోతాడు. త్రిశంకుడి కోసం కనీసం విశ్వామిత్రుడు ఒక స్వర్గం కట్టాడు, ఇతని కోసం కింద పలకైనా లేదు. బావగారు ఆ పడిపోవడాన్ని రకరకాల మీటలతో, ఆఖరికి కుర్చీ మార్చి కూడా ప్రయత్నించారు. చివరికి పడిపోనిచ్చి, ఆ స్టేజీ సగం నుంచి మళ్లీ మొదలుపెట్టారు.

ఆఖరి గడప దగ్గర ఇంకో తిరకాసు. అక్కడికి చేతిలో డాలు ఆయుధంతో వెళ్లాలి. దారిలో దొరికిన కాగడా మీద పొరపాటున కాలు పడితే డాలు పోయి కాగడా వస్తుంది. కాగడాతో వెళ్లినవాడిని ఆట మారుమాట లేకుండా అయిదో స్టేజీకి పంపేస్తుంది. కావలసిన పత్రం జతచేయలేదని దరఖాస్తులు తిప్పి పంపడం బావగారికి తెలియని విద్య కాదు. తన మీద ప్రయోగించడమే కొత్త.

ఒక శనివారం రాత్రి ఆఖరి రాక్షసుడు నిజంగానే కూలిపోయాడు. అక్కను నిద్రలేపి మరీ పిలిచారు. తెర మీద వచ్చిన సంగతేమిటంటే, ఈ గది వట్టి భ్రమ, ఇది సైతాను పన్నిన ఉచ్చు. ఆట మొత్తం, మరింత కష్టంగా, మొదటి నుంచి మళ్లీ ఆడాలి.

“ఇంతకీ ఆ పిల్ల దొరికినట్టా, దొరకనట్టా?” అంది అక్క ఆవులిస్తూ.

సోమవారం బావగారు ఆఫీసుకు వెళ్లగానే మేనల్లుడు దెబ్బ తగలకుండా చేసే కోడ్ ఒకటి వేసి, ఎమ్యులేటర్‌ను వేగంగా పరుగెత్తించి, పనిలో పనిగా లెక్కల హోంవర్కు కూడా చేసుకుంటూ రెండో చుట్టు ముగించేశాడు. రాకుమారి దక్కింది. అభినందనల సందేశం వచ్చింది, అక్షరదోషాలతో సహా. సాయంత్రం తెర చూసిన బావగారి ముఖం ఎర్రబడింది.

“మోసం చేసి గెలుస్తావా? సిగ్గులేదూ!”

“1992 తీర్పు ఉంది కదా నాన్నా.”

“అది అమెరికాలో” అన్నారు బావగారు. సందేశంలోని అక్షరదోషాలను ఒక కాగితం మీద రాసుకుని, వాడిని కుర్చీలోంచి లేవమన్నారు.