మాఘంలో ఈ వానేంటి అసలు!

శివరాత్రికి చలి శివశివా అంటూ పోవాలి, ఎండ ముదరాలి, కల్లాల్లో మిరపకాయ గలగలమనాలి. మా పల్నాడులో లెక్క అది. ఇప్పుడేమో పొద్దున మంచు, మధ్యాహ్నం ఉక్క, సాయంత్రానికి బంగాళాఖాతంలో ద్రోణి అంటూ ఫోన్‌లో మెసేజ్, ఇక ఇంటిల్లిపాదీ పరదాలు పట్టుకుని కల్లం మీదికి పరుగు. కప్పితే లోపలి చెమ్మకి కాయ బూజు పడుతుంది, కప్పకపోతే తడిసి రంగు పోయి తాలు అవుతుంది, తాలుకాయకి యార్డులో ఏం రేటు పలుకుతుందో పండించినోళ్లకి తెలుసు.

అది చాలదన్నట్టు కల్లానికి పోయే ఈ డొంక దారి! నల్లరేగడి కదా, నాలుగు చినుకులకే ఉబ్బి జిగురైపోతుంది, చెప్పులు చేత్తో పట్టుకునే నడవాలి, బండి మడ్‌గార్డులో మట్టి ఇరుక్కుని చక్రం తిరగకపోతే దారి మధ్యలో పుల్ల పెట్టి పీక్కుంటూ నిలబడాలి. ట్రాక్టర్ రాదు, కూలీలూ రారు. వానాకాలం బురదంటే సరే, దానికి సిద్ధపడే ఉంటాం. అప్పు తెచ్చి పండించిన కాయ అక్కడ తడుస్తుంటే ఇక్కడ మోకాలి లోతున దిగబడిపోవడం మాత్రం, కడుపు రగిలిపోతోంది. ఎలక్షన్లప్పుడల్లా కంకర తోలిస్తామంటారు. తోలించండి ముందు!