సవరణ: పాపికొండల బోట్లు ఏ చట్టం కిందికి వస్తాయి?

పాపికొండల విహారం గురించి ఇంతకుముందు రాసిన పోస్టులో బోట్లకు 1917 నాటి అంతర్గత జలరవాణా చట్టమే వర్తిస్తుందని ఉంది. అది సరి కాదు. ఆ చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగినప్పుడు మాత్రం పాత చట్టమే అమల్లో ఉంది. రెండు చట్టాలనూ కలిపి చదివితే తికమక తప్పదు.

కొత్త చట్టం ప్రకారం ఇంజను బోటుకు సర్వే సర్టిఫికెట్ (బోటును తనిఖీ చేసి, నడపడానికి తగినదని ఇచ్చే పత్రం), రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. నడిపే సరంగుకు యోగ్యతా పత్రం ఉండాలి. తెడ్డుతో నడిచే పడవలనూ వదల్లేదు, వాటిని స్థానిక సంస్థ దగ్గర నమోదు చేయించాలి.

ఆ పాత పోస్టులోని "లైఫ్ జాకెట్ ప్రయాణికుల ఇష్టం" అన్న వాక్యాన్ని పూర్తిగా తీసేస్తున్నాం. ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన సవరణ. సీటు కింద కట్టగట్టి పడేసిన జాకెట్ ఎవరినీ కాపాడదు, బోటు ఒరిగాక దాన్ని వెతికి తొడుక్కునే వ్యవధి దొరకదు. అందరికీ సరిపడా జాకెట్లు పెట్టడం, పట్టీలు బిగించాకే లంగరు ఎత్తడం నడిపేవాళ్ల పని. ఉక్కగా ఉందని ఎవరైనా విప్పేస్తే మళ్లీ వేయించాల్సిందీ వాళ్లే. పిల్లలకు వాళ్ల కొలత జాకెట్టే కావాలి, పెద్దవాళ్లది వేస్తే నీళ్లలో తల మీదుగా జారిపోతుంది. అలాంటిది లేదంటే ఆ బోటు ఎక్కకండి, టికెట్ డబ్బులు పోయినా సరే.