సంతకం అచ్చు గుద్దినట్టు కలిసిందా? అయితే ఇంకా భయపడాలి

ఈ మధ్య ఒకే మెసేజ్ నాకు నలుగురు పంపారు, పాత ఎల్‌పీలు, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డులు పోగేసే పిచ్చి నాకుందని అందరికీ తెలుసు కదా. "సింగర్లు, బ్యాండ్‌ల ఆటోగ్రాఫ్ అసలుదో నకిలీదో ఇంట్లోనే రెండు నిమిషాల్లో తేల్చుకోండి" అని హెడ్డింగు, కింద ఐదు పాయింట్లు. సర్టిఫికెట్ ఉంటే అసలుదే, భూతద్దంలో నిజం సిరా కనబడితే చేత్తో పెట్టిందే, నెట్‌లో ఉన్న సంతకంతో అచ్చంగా కలిస్తే ఇక డౌటే అక్కర్లేదు, బ్యాండ్‌లో అందరి సంతకాలూ ఒకే కవర్ మీద ఉంటే మరీ గట్టి, అమ్మేవాడి దగ్గర ఫ్యామిలీ స్టోరీ ఉంటే కళ్లు మూసుకుని కొనేయొచ్చు. ఇదీ సంగతి. లైట్ తీసుకుందామనుకున్నా గానీ న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది ఇది చదివి "బావా, బీటిల్స్ మొదటి ఎల్‌పీ, నలుగురి సంతకాలతో దొరికింది, తీసేసుకుంటున్నా" అని (బీటిల్స్ అంటే నలుగురు కుర్రాళ్ల బ్రిటిష్ బ్యాండ్) ఫొటోలు పంపేసరికి కూర్చుని రాయక తప్పలేదు.

మొదటిది, సర్టిఫికెట్. 2022 నవంబర్‌లో అమెరికన్ సింగర్ బాబ్ డిలాన్ కొత్త పుస్తకం సంతకం చేసిన ఎడిషన్ అని 900 కాపీలు అమ్మారు, ఒక్కోటి 599 డాలర్లు, ప్రతి కాపీతో పాటు ఇది డిలాన్ చేత్తో పెట్టిన సంతకమే అని పబ్లిషర్ సైమన్ అండ్ షుస్టర్ ఇచ్చిన లెటర్. ఏదో సందులో కొట్టువాడు కాదు, సాక్షాత్తూ పబ్లిషరే. కొన్నవాళ్లు తమ కాపీల ఫొటోలు నెట్‌లో పక్కపక్కన పెట్టి చూసుకుంటే సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే సరిపోయేట్టున్నాయి, చివరికి అది ఆటోపెన్ అని, అంటే మిషన్‌తో పెట్టించారని తేలింది, పబ్లిషర్ డబ్బులు వాపస్ ఇచ్చాడు, డిలాన్ కూడా తలతిరుగుడు సమస్య వల్ల అలా జరిగిందని క్షమాపణ చెప్పాడు. పబ్లిషర్ లెటర్‌కే ఈ గతి పడితే ఎవడో ఇంట్లో ప్రింటర్ మీద తీసి బంగారు రంగు స్టికర్ అంటించిన కాగితం సంగతి చెప్పాలా? సంతకాలు పరీక్షించి చెప్పే పేరున్న అథెంటికేషన్ కంపెనీల లెటర్ అయినా చదివి చూడండి, "మా అభిప్రాయంలో" అనే ఉంటుంది. అభిప్రాయానికి విలువ లేదని కాదు, మంచి కన్ను ఉన్నవాడి అభిప్రాయానికి డబ్బు పెట్టొచ్చు, కానీ అది గ్యారంటీ కాదు.

రెండోది, నిజం సిరా. ఇందులో సగం నిజముంది. భూతద్దంలో చిన్నచిన్న రంగు చుక్కలు కనబడితే అది అచ్చు వేసిన సంతకం, బీటిల్స్ ఫ్యాన్ క్లబ్ పంపిన ఫొటోల మీద అలాంటి అచ్చు సంతకాలు ఉండేవి, వాటినే అసలు సంతకాలుగా అమ్మేవాళ్లూ ఉన్నారు. కానీ ఆటోపెన్ పట్టుకునేది నిజం పెన్నేనండీ, కాగితం మీద పడేది నిజం సిరానే, ఫోర్జరీ చేసేవాడు మాత్రం ఏం వాడతాడు, పసుపు కుంకుమా? సిరా నిజమైనంత మాత్రాన సంతకం నిజం కాదు. భూతద్దం అసలు వాడాల్సింది గీత ఎలా నడిచిందో చూడ్డానికి. రోజూ పెట్టేవాడి సంతకం దూసుకుపోతుంది, గీత మొదలూ చివరా సన్నగా తేలిపోతాయి. చూసి దించేవాడి గీత ఆగి ఆగి నడుస్తుంది, వంపు దగ్గర సన్నగా వణుకు, మధ్యలో పెన్ను ఎత్తి మళ్లీ ఆనించిన చుక్క, చివర మొద్దుగా ముగుస్తుంది.

మూడోదే నాకు బాగా మండేది. అచ్చంగా కలిస్తే అసలుదట! మీ సంతకం ఒక కాగితం మీద వరసగా పదిసార్లు పెట్టి చూడండి, ఏ రెండైనా పూర్తిగా కలిస్తే నన్నడగండి. బ్యాంకులో మన సంతకం మనదే తేడా ఉందని వెనక్కి పంపిన రోజులు గుర్తులేవా. మనిషి చెయ్యి ప్రతిసారీ కొంచెం తేడాగా పోతుంది, పొల్లుపోకుండా కలిసిందంటే మిషన్ అయినా అయ్యుండాలి, నెట్‌లో ఉన్నదాన్ని కింద పెట్టి దిద్దిందైనా అయ్యుండాలి. డిలాన్ కాపీలు దొరికిపోయిందే అలా. చూడాల్సింది అదే కాలంలో పెట్టిన చాలా సంతకాల్లో అలవాటుగా వచ్చే పోకడ, అంటే ఏ అక్షరం ఎక్కడ ఎత్తేస్తాడు, ఏది మింగేస్తాడు, ఇంటిపేరు పైకి పోతుందా కిందకి జారుతుందా ఇలాంటివి. 1963లో పెట్టిందాన్ని ఇరవై ఏళ్ల తర్వాతి సంతకంతో పోల్చి లాభం లేదు.

నాలుగోది, నలుగురి సంతకాలు. బీటిల్స్ విషయంలో ఇది పూర్తిగా తిరగబడుతుంది. 1963-64లో జనం తాకిడి ఎలా ఉండేదంటే వాళ్ల రోడ్ మేనేజర్లు నీల్ ఆస్పినాల్, మాల్ ఎవాన్స్ కూర్చుని నలుగురి పేర్లూ వాళ్లే పెట్టేసేవాళ్లు, ఒక్కోసారి బ్యాండ్‌లో ఒకడే మిగతా ముగ్గురి పేర్లూ రాసిచ్చేవాడు. అంటే ఆ రోజు, ఆ థియేటర్ గుమ్మంలోనే తీసుకున్న కాగితం, మోసం ఏమీ లేదు, అయినా అందులో అసలు సంతకం ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. నాలుగు పేర్లూ ఒకే వాలు, ఒకే ఒత్తిడి, మధ్యలో ఖాళీలు సమానంగా కుదురుగా ఉంటే నాకైతే ముందు అనుమానమే వస్తుంది.

ఐదోది, కథ. అమెరికాలో ఎఫ్‌బీఐ ఆపరేషన్ బుల్‌పెన్ అని ఫోర్జరీ ముఠాని 1999లో పట్టుకుంది, ఎక్కువ స్పోర్ట్స్ ఐటెమ్సే, అందులో మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్స్ కూడా ఉన్నాయి. దానికీ ఏదో కథ చెప్పే ఉంటారుగా? ఆధారం అంటే ఎలా ఉండాలంటే, 1980 డిసెంబర్ 8న బీటిల్స్‌లో ఒకడైన జాన్ లెనన్ తన ఇంటి బయట ఒక ఫ్యాన్‌కి ఆల్బమ్ మీద సంతకం పెడుతుండగా తీసిన ఫొటో ఉంది, రోజు తెలుసు, చోటు తెలుసు, సంతకం పెట్టించుకున్నవాడు రాత్రికి అతన్నే కాల్చి చంపాడు కాబట్టి అదెవరో ప్రపంచమంతా తెలుసు.

ఇక మావాడి ఎల్‌పీ. 1963 వేసవిలో షో అయ్యాక తన అత్త పెట్టించుకుందని అమ్మేవాడి మాట, నల్ల షార్పీతో (అదొక మార్కర్ పెన్ను), కవర్ ముందువైపు. ఫొటో జూమ్ చేస్తే లోపలి రికార్డు ఒత్తి కవర్ మీద గుండ్రంగా అరిగిన మచ్చ పడింది, అరిగినచోట పగుళ్లు, ఆ పగుళ్లలోకి సిరా దిగి ఉంది. కొత్త కవర్ మీద సంతకం పెట్టి తర్వాత అరిగితే సిరా కూడా దాంతోపాటు లేచిపోవాలి గానీ పగులు లోపలికి ఎలా వెళ్తుంది? పైగా షార్పీ మార్కెట్లోకొచ్చిందే 1964లో. ఆ కాలపు బ్రిటిష్ కవర్లకి ముందువైపు నున్నటి పొర ఉంటుంది, బాల్‌పెన్ సరిగా పడదు, అందుకే అసలువి చాలావరకు వెనకవైపే ఉంటాయి. రికార్డు లేబుల్ ఫొటో కూడా అడగమన్నా. 1963 మార్చిలో వచ్చిన మొదటి కాపీలకి నలుపు మీద బంగారు రంగు, ఆ వెంటనే పసుపు నలుపు, అమ్మేవాడు పంపింది నలుపు మీద వెండి రంగు, అది 1969 తర్వాత మాట. రికార్డు ఎప్పుడో మారిపోయుంటుంది అన్నాడు, సరే, మారొచ్చు, అదొక్కటే అయితే నేనూ వదిలేసేవాణ్ణి.

మావాడు ఊరుకోకుండా సంతకాలు లేకుండా అదే ఎల్‌పీ ఎంతకిస్తావని అడిగాడట. ఇంకా రిప్లై రాలేదు.