ఆ దిండు ఎవరూ తీయలేదు

మా పిన్నికి 35 శాతం కాలింది. స్టవ్ దగ్గర కొంగు అంటుకుని మెడ, ఛాతీ, కుడి చంక, చెయ్యి. మొదటి రోజే ఏడు లీటర్ల దాకా సెలైన్ ఎక్కించారు, అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లోనే. తొడ చర్మం తీసి వేసిన గ్రాఫ్టులు చక్కగా పట్టాయి. సర్జన్‌కి వంక పెట్టను.

నా కోపమంతా దిండు మీద. మెడ ముందు భాగం కాలితే తల కింద దిండు పెట్టకూడదట. మెడ వెనక్కి వాలి ఉండాలి, లేదంటే గాయం మానేకొద్దీ చర్మం ముడుచుకుని గడ్డాన్ని ఛాతీవైపు లాగేస్తుంది. నలభై రోజులు ఆ దిండు పెట్టింది నేనే. "నొప్పిగా ఉందిరా" అంటే ఇంకాస్త ఎత్తుగా సర్దేవాణ్ణి. రౌండ్స్‌కి వచ్చినవాళ్లంతా చూశారు, ఒక్కరూ తీయమనలేదు. డిశ్చార్జి కాగితం చివర మాత్రం "ఫిజియోథెరపీ" అని రాసిచ్చారు. ఫిజియోథెరపిస్టు దగ్గరికెళ్తే ఆవిడ మొదటి మాటే, "ఇన్నాళ్లూ ఎందుకు రాలేదండీ?"

తిండి సంగతి మరీ ఘోరం. పప్పు తింటే చీము పడుతుందని అమ్మమ్మ పెట్టనివ్వలేదు. గుడ్డు వేడంది. చారన్నం, ఇడ్లీ, బ్రెడ్డు, అంతే. పెద్దవాళ్లకు డైటీషియన్ల పాత లెక్క ఒకటుంది: కిలో బరువుకి 25 కేలరీలు, కాలిన ఒక్కో శాతానికి ఇంకో 40. యాభై కిలోల పిన్నికి రోజుకు 2,650. మేం పెట్టింది అందులో సగమైనా ఉండదు. అమ్మమ్మను ఏమనగలం? ఆవిడకు చెప్పాల్సిన మనిషి ఆ వార్డులో అడుగే పెట్టలేదు.

మనకు ఆపరేషన్ ఒక్కటే వైద్యం. దానికి అప్పు చేసైనా కడతాం, ఫిజియో అనగానే "ఇంట్లో చేసుకోవచ్చులే" అంటాం. ఆసుపత్రులదీ అదే ధోరణి. సర్జన్, మత్తు డాక్టర్, నర్సు, ఫిజియో, డైటీషియన్, సైకాలజిస్ట్ మొదటి రోజు నుంచే ఒక మంచం దగ్గర నిలబడి మాట్లాడుకోవాలి. డ్రెస్సింగ్‌కి ముందు నొప్పి మందు ఎప్పుడు పడిందో నర్సుకు తెలుసు. ఆ మందు పనిచేస్తుండగానే చెయ్యి పైకెత్తించాలని ఫిజియోకు తెలుసు. ఇద్దరూ మాట్లాడుకోకపోతే మనిషి రోజుకు రెండుసార్లు ఏడవాలి. పిన్ని ఏడ్చింది.

ఇంట్లో బీరువా అద్దానికి ఇప్పటికీ పాత చీర కప్పి ఉంది. దాని గురించి ఏ డాక్టరూ అడగలేదు.

వచ్చే నెల, ముడుచుకుపోయిన మెడ చర్మాన్ని విడదీసే ఆపరేషన్. వేరే ఆసుపత్రి. డేట్ అడగకముందే, "తర్వాత మెడకు పెట్టే కాలర్‌కి కొలత ఎవరు తీస్తారు?" అన్నాను. రిసెప్షన్‌లో అమ్మాయి నన్ను వింతగా చూసింది.