మారుతి బోర్డును చేవెళ్ల రోడ్డుకు మార్చాలి

మారుతి సుజుకి ప్రధాన కార్యాలయం ప్రస్తుతం ఢిల్లీ వసంత్ కుంజ్‌లో, నెల్సన్ మండేలా రోడ్డులో ఉంది. దాన్ని వెంటనే అక్కణ్నుంచి ఎత్తేసి, హైదరాబాద్ శివార్లలో చేవెళ్ల రోడ్డు మీది మర్రిచెట్ల కిందికి, ఛాయ్ బండి పక్కకు మార్చాలని ఇందుమూలంగా ప్రతిపాదిస్తున్నాను. ఆ కంపెనీ నిర్ణయాలన్నీ ఎలాగూ అక్కడే జరుగుతున్నాయి. ఢిల్లీ వాళ్లు వాటిని అమలు చెయ్యకపోవడమే ఇప్పటిదాకా వచ్చిన చిక్కు.

ఆదివారం తెల్లారకముందే నగరం నుంచి అనంతగిరి కొండల వైపు మా కార్ల పిచ్చివాళ్ల బండ్లు బయల్దేరతాయి. పేరుకు అవి డ్రైవ్‌లు. నడిపేది గంట, ఆపి మాట్లాడుకునేది మూడు గంటలు. బానెట్లు లేస్తాయి, ఛాయ్‌లొస్తాయి, ఉస్మానియా బిస్కెట్లొస్తాయి. ఎండ ముదిరేలోపు దేశంలోకెల్లా పెద్ద కార్ల కంపెనీ భవిష్యత్తు తేలిపోతుంది. సభ్యుల్లో సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు, రియల్ ఎస్టేటు వాళ్లున్నారు, ఒక పళ్ల డాక్టరున్నాడు, ఏం పని చేస్తారో ఎవరికీ తెలియనివాళ్లు ఇద్దరున్నారు. కార్ల కంపెనీలో పనిచేసినవాళ్లు ఒక్కరూ లేరు. నిష్పక్షపాతంగా ఉండాలంటే అది తప్పనిసరి.

ఎజెండాలో మొదటి అంశం ఎప్పుడూ డీజిలే. 2020 ఏప్రిల్ 1 నుంచి, అంటే బండ్ల పొగను కట్టడి చేసే బీఎస్6 నిబంధనలు మొదలయ్యే రోజు నుంచి డీజిల్ కార్లు అమ్మబోమని మారుతి 2019 ఏప్రిల్‌లో ప్రకటించింది. తేదీ చూసి, ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారేమోనని మనవాళ్లు కొన్నాళ్లు ఆశపడ్డారు. అబ్బే, నిజమే. ఫియట్ దగ్గర తెచ్చుకున్న 1.3 లీటర్ల ఇంజిన్‌తో స్విఫ్టూ డిజైరూ లక్షల కిలోమీటర్లు తిరిగాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు ట్యాక్సీ వాళ్లను అడిగితే ఇప్పటికీ దానికి దణ్ణం పెడతారు. పోనీ పరాయి ఇంజిన్, వదిలేశారు అనుకుందాం. సొంతంగా తయారుచేసిన 1.5 లీటర్ల డీజిల్‌ను 2019 మార్చి చివర్లో సియాజ్‌లో పెట్టారు. నెల తిరక్కుండానే డీజిల్‌కు సెలవన్నారు. బారసాల నాడే పెద్దకర్మకు ముహూర్తం పెట్టించుకున్న ఇల్లు ఇదొక్కటే. విటారా బ్రెజా ఇంకా విచిత్రం. 2016లో వచ్చినప్పుడు డీజిల్ మాత్రమే దొరికేది, 2020లో పెట్రోలు మాత్రమే దొరికింది.

"డీజిల్ తీసేసిర్రు చూడు, ఆ రోజే కంపెనీ ఖతం అయింది" అంటాడు మా డీజిల్ పెద్దమనిషి. ఆయన పాత స్విఫ్ట్ వీడీఐ అప్పటికి టకటకమంటూ ఐడిల్‌లో ఉంటుంది. ఆపడు. టర్బో చల్లబడాలి.

కంపెనీ లెక్క వేరు. బీఎస్6కు తగ్గట్టు డీజిల్ పొగను శుభ్రం చేసే సరంజామా పెడితే బండి ధర బాగా పెరుగుతుంది. ఏడెనిమిది లక్షల కారు కొనేవాడు ఆ బరువు మొయ్యలేడు. పైగా 2014లో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేశాక పెట్రోలుకూ డీజిల్‌కూ తేడా కరిగిపోయింది. చిన్న కార్ల వరకూ ఈ లెక్క సరైనదే. కానీ పెద్ద బండ్ల దగ్గర వీళ్లు వదిలేసిన జాగాలోకి ఎవరొచ్చారో చెప్పడానికి మర్రిచెట్టు కిందివాళ్లు అక్కర్లేదు, పెనుకొండ వాళ్లను అడిగినా చెప్తారు. 2019 ఆగస్టులో అక్కడి కియా ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్ వచ్చింది, డీజిల్‌తో సహా. కొరియా వాళ్లు అనంతపురం ఎండలో నిలబడి మరీ ఆ గిరాకీ ఏరుకున్నారు. ఈ ఒక్క అంశంలో మా సభకు నూటికి ఎనభై మార్కులు వెయ్యాల్సిందే.

మిగతా ఇరవై ఎందుకు కోశానో కూడా చెప్తాను. "మరి అంత డీజిల్ మీద ప్రేమున్నోడివి, సెల్టోస్ కొనకపోయావా అన్నా?" అని ఒక కుర్రాడు అమాయకంగా అడిగాడు. "చూసినా తమ్ముడూ. ఆన్‌రోడ్ రేటు చెప్పినంక, ఉన్నదానికే క్లచ్ ప్లేట్లు ఏయించిన" అన్నాడాయన.

ఎస్-క్రాస్ కథా ఇలాంటిదే. 2015లో మారుతి వాళ్లు ఖరీదైన కార్ల కోసం నెక్సా షోరూములు తెరిచి, మొట్టమొదటగా దాన్ని నిలబెట్టారు. 1.6 లీటర్ల డీజిల్, యాక్సిలరేటర్ మీద కాలేస్తే వీపు సీటుకు అంటుకునేంత లాగుడు. కారంటే ప్రాణమిచ్చేవాళ్లందరూ శభాష్ అన్నారు, ఆ శబ్దానికి చెక్కు పుస్తకం మాత్రం బయటికి రాలేదు. కొన్ని నెలలకే ధర రెండు లక్షల దాకా తగ్గించాల్సి వచ్చింది, తర్వాత ఆ ఇంజినే ఎత్తేశారు. ఇవాళ అదే బండి సెకండ్‌హ్యాండ్‌లో కనబడితే మా సభ్యులు బేరానికి ఎగబడతారు. "అసలు ఇంత మంచి బండిని ఎట్ల ఆపేసిర్రు బ్రో, మార్కెటింగ్ వాళ్లకు దిమాగుండాలె" అని ఏకగ్రీవ తీర్మానం కూడా ఉంది.

రెండో అంశం రేకు. దీనికి ఒక నిపుణుడున్నాడు. ఏ మారుతి కనబడినా దగ్గరికెళ్లి బానెట్ మీద బొటనవేలు పెట్టి నొక్కుతాడు. రేకు లోపలికి లొట్టపోయి, వేలు తియ్యగానే టక్కుమని పైకి లేస్తుంది. ఆయన వెనక్కి తిరిగి మనందరి మొహాలూ చూస్తాడు, సాక్ష్యం దొరికిందన్నట్టు. తర్వాత డోరు వేసి చెవి పెడతాడు. "టప్" అంటే మారుతి, "ధబ్" అంటే జర్మనీ. 

నవ్వుకున్నా, ఈ అంశంలో కంపెనీ మొహం చాలా ఏళ్లు చెల్లలేదన్నది నిజం. 2018లో టాటా నెక్సాన్, కార్లను గుద్దించి భద్రతకు నక్షత్రాలిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకుంది. 2020లో ఎస్-ప్రెస్సోకు సున్నా వచ్చింది. 2023లో వ్యాగనార్‌కు ఒకటి, ఆల్టో కే10కు రెండు. మైలేజీ ఎంతిస్తుందని టీవీ ప్రకటనల్లో దేశం మొత్తం చేత హిందీలో అడిగించి నవ్వించిన కంపెనీ, గుద్దితే ఏమవుతుందన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం గొంతు సవరించుకునేది. జనం అడగలేదు కాబట్టి ఇవ్వలేదనే వాదన ఉంది. పసిపిల్లలు కూడా సీటుబెల్టు అడగరు. ఆ నస పెట్టినవాళ్లు, ఏళ్ల తరబడి విసుగు లేకుండా పెట్టినవాళ్లు, ఈ ఆదివారం బాపతు జనమే. చిత్తశుద్ధిగా ఒప్పుకోవాల్సిన మాట ఇది.

తీరా 2024 నవంబరులో కొత్త డిజైర్‌కు అదే గ్లోబల్ ఎన్‌క్యాప్ ఐదు నక్షత్రాలూ ఇచ్చేసింది. తర్వాతి ఆదివారం ఎవరో కొత్త డిజైర్ వేసుకొచ్చారు. రేకు నిపుణుడు దాని చుట్టూ ప్రదక్షిణ చేసి, బానెట్ మీద బొటనవేలు పెట్టాడు. లొట్టపోయింది. టక్కుమని లేచింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే. గుద్దినప్పుడు ప్రాణం కాపాడేది పైరేకు కాదనీ, లోపలి అస్థిపంజరం, బెల్టులు, ఎయిర్‌బ్యాగులనీ పళ్ల డాక్టరు వివరించబోయాడు. దవడ ఎముకల మీద ఆయనకు అధికారం ఉంది. నిపుణుడు వినలేదు. "టెస్టే మేనేజ్ చేసిర్రు" అని తేల్చేశాడు. కిందటి వారం దాకా ఆ టెస్టే ప్రమాణం.

ఇక జిమ్నీ, సుజుకి వాళ్ల చిన్న జీపు లాంటి బండి. ఈ అంశం వచ్చినప్పుడు సభలో రెండు నిమిషాలు మౌనం పాటిస్తే బాగుంటుందని నా మనవి, ఎందుకంటే ఇందులో ముద్దాయిలూ జడ్జీలూ ఒకరే. 2020 ఆటో ఎక్స్‌పోలో మారుతి చిన్న మూడు డోర్ల జిమ్నీని తెచ్చి తిప్పే బల్ల మీద పెట్టింది. అంతే, దేశం ఊగిపోయింది. అమ్మండి, అమ్మండి, ఇప్పుడే డబ్బిస్తాం. మూడు డోర్లు సంసారులకు కుదరదన్నారు, ఐదు డోర్లు చేశారు. అసలు సిసలు ఫోర్‌వీల్ డ్రైవ్, లోరేంజి గేరుబాక్సు, నిచ్చెన చట్రం, అడిగినవన్నీ ఇచ్చారు. 2023 జూన్‌లో 12.74 లక్షల ప్రారంభ ధరతో షోరూముకొచ్చింది. 

అప్పుడు బయటపడ్డాయి అసలు షరతులు. ధర రెండు లక్షలు ఎక్కువుంది. డీజిల్ లేదు. వెడల్పు లేదు, పక్కన మహీంద్రా థార్ ఆగితే మనది దాని పిల్లలా ఉంటుంది. టర్బో లేదు. సన్‌రూఫ్ లేదు. ఇదే సభ రెండేళ్ల ముందు సన్‌రూఫ్ పెట్టేవాళ్లను ఆటగాళ్లు కాదు, బొమ్మల వ్యాపారులంది. మా జిమ్నీ భక్తుడు నెలల తరబడి బ్రోచర్ బీరువాలో దాచుకుని, చివరికి హ్యుందాయ్ క్రెటా కొన్నాడు. అడిగితే, "ఇంట్లో వాళ్లు..." అని సగంలో ఆపాడు. మన దేశంలో ఎన్ని మహత్తరమైన ఆశయాలు ఆ మూడు చుక్కల దగ్గర ఆగిపోయాయో.

కంపెనీ కూడా తక్కువ తినలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో, అదే నెక్సాలో, బలెనోకు మడమలు ఎత్తు చేసి ఫ్రాంక్స్ అని పేరు పెట్టి అమ్మింది. కారు మీద ఏ ఆశయమూ లేని జనం వరసకట్టి కొన్నారు. గురుగ్రామ్‌లో తయారైన జిమ్నీలు మాత్రం డిస్కౌంటు బోర్డులు తగిలించుకుని నిలబడ్డాయి. 2025 జనవరి చివర్లో అదే ఐదు డోర్ల బండిని ఓడెక్కించి, నోమేడ్ అని పేరుపెట్టి జపాన్‌లో బుకింగ్‌లు తెరిచారు. నాలుగైదు రోజుల్లో యాభై వేల దాకా వచ్చిపడితే, ఇక చాలు బాబోయ్ అని ఆపేశారు. ఈ వార్త తెలిసిన ఆదివారం సభ భగ్గుమంది. "మన బండిని వాళ్లకు పంపిస్తున్నరు, మనకు మంచివి ఇయ్యరు" అని తీర్మానం రాసినవాడు క్రెటాలో వచ్చినవాడే.

నాయకత్వ మార్పు మీద చర్చ మొదలైతే ఛాయ్ రెండో రౌండుకొచ్చిందని అర్థం. ఛైర్మన్ ఆర్.సి. భార్గవ గారు 1956 బ్యాచ్ ఐఏఎస్, 1981లో మారుతిలో అడుగుపెట్టారు, తొంభై దాటారు. దీర్ఘకాలిక దృష్టి ఉన్న కొత్తవాళ్లు రావాలని మా సభ అభిప్రాయం. ఈ మాటన్న సభ్యుడు ఏడాదికో కంపెనీ మారతాడు.

వారసత్వం మీద మనవాళ్ల అవగాహన ఇంకా గొప్పది. జపాన్‌లో సుజుకి సంస్థకు మూలం 1909లో మిచియో సుజుకి పెట్టిన మగ్గాల కార్ఖానా. దాన్ని నాలుగు దశాబ్దాలకు పైగా ఏలిన ఒసాము సుజుకి పుట్టుకతో సుజుకి కాదు, మత్సుదా. మిచియో మనవరాలిని పెళ్లాడి, ఇంటిపేరు మార్చుకుని వచ్చిన ఇల్లరికపు అల్లుడు. ఆ ఇంట అల్లుళ్లు గద్దెనెక్కడం ఆయనతో మొదలైంది కూడా కాదు. 1982లో భారత ప్రభుత్వంతో చెయ్యి కలిపి, 1983 డిసెంబరులో మారుతి 800ను రోడ్డెక్కించింది ఈ అల్లుడుగారి హయాంలోనే. 2024 డిసెంబరులో తొంభై నాలుగేళ్లకు పోయారు, మరుసటి ఏడు పద్మవిభూషణ్ ఇచ్చారు. పిసినారితనంలో ఆయన పేరు మోసినవాడు. అందులో ఆశ్చర్యమేముంది, మామగారి సొమ్ము ఖర్చుపెట్టేటప్పుడు ఏ అల్లుడి చెయ్యి వణకదు? 2015లో అధ్యక్ష పదవి కొడుకు తొషిహిరో చేతికొచ్చింది. అల్లుళ్ల పాలన పోయి కొడుకు పాలన వచ్చాకే మార్కెట్‌లో వాటా తగ్గిందని మా రియల్ ఎస్టేటు సభ్యుడి సిద్ధాంతం. ఆయనకు కొడుకుల్లేరు, ఇద్దరు అల్లుళ్లున్నారు.

వాటా తగ్గిన మాట నిజమే. ఒకప్పుడు దేశంలో అమ్ముడయ్యే కార్లలో సగానికి పైగా వీళ్లవే, ఇప్పుడు నలభై శాతం దరిదాపులు. దీన్ని సభలో పతనం అంటారు. రెండో స్థానంలో ఉన్న కంపెనీకి అందులో సగం కూడా లేదన్న సంగతి ఎవరైనా ఎత్తితే, వాళ్లను మారుతి మనుషులంటారు.

ఎలక్ట్రిక్ విషయం త్వరగా ముగిస్తాను, సభ కూడా త్వరగానే ముగిస్తుంది, ఎండెక్కుతుంది కాబట్టి. 2023 ఎక్స్‌పోలో ఈవీఎక్స్ అని నమూనా చూపించి, 2025 ఆగస్టులో గుజరాత్ హన్సల్‌పూర్‌లో ఈ-విటారా తయారీ మొదలుపెట్టారు. టాటా వాళ్లు నెక్సాన్ ఈవీని 2020లోనే అమ్మడం మొదలుపెట్టారు. ఆలస్యమైందని అందరూ ఒప్పుకున్నారు. ఎలక్ట్రిక్ కారు కొనే ఉద్దేశం ఎవరికీ లేదని కూడా అందరూ ఒప్పుకున్నారు.

కాబట్టి బోర్డును ఇక్కడికి మార్చడానికి అన్ని అర్హతలూ ఉన్నాయి. ఒక్క చిన్న నిబంధన మాత్రం పెట్టమని నేనే సూచించాను. డైరెక్టరయ్యేవాళ్లు గత పదేళ్లలో ఒక్కసారైనా కొత్త మారుతిని, షోరూములో, తమ పేరు మీద కొని ఉండాలి. సభలో సద్దుమణిగింది. డీజిల్ పెద్దమనిషిది సెకండ్‌హ్యాండు. భక్తుడిది క్రెటా. డిజైర్ వాడు బావమరిది బండి అడిగి తెచ్చుకున్నాడు. పళ్ల డాక్టరు దగ్గర ఎర్టిగా సీఎన్‌జీ ఉందిగానీ, అది భార్య పేరు మీద ఉంది, ఆవిడ ఈ సభల మీద సదభిప్రాయంతో లేరు.

వెతగ్గా వెతగ్గా అర్హుడు ఒక్కడే తేలాడు. ఛాయ్ బండి వెనక తెల్ల మారుతి ఈకో వ్యాను ఒకటి ఉంటుంది. పాల క్యాన్లు, గ్యాసు సిలిండరు, ప్లాస్టిక్ కుర్చీలు అందులోనే వస్తాయి. ఇన్ని ఆదివారాల్లో దాని బానెట్ ఎవరూ నొక్కి చూడలేదు. దాని పూర్వజన్మ పేరు వెర్సా. 2001లో బచ్చన్ తండ్రీకొడుకులిద్దర్నీ పెట్టి ప్రచారం చేసినా ఎవరూ కొనని బండి. హంగులన్నీ పీకేసి, 2010లో ఈకో అని పేరు మార్చి తెస్తే, ఇప్పటికీ నెలకు పదివేలకు పైగా పోతోంది. మారుతి వ్యూహం గురించి ఏదైనా పాఠ్యపుస్తకం రాయాల్సి వస్తే మొదటి అధ్యాయం అదే. మా సభలో దాని పేరు మినిట్స్‌లోకి ఎన్నడూ ఎక్కలేదు.

ఛాయ్ ఆయన్ని పిలిచి విషయం చెప్పాం. మారుతి బోర్డులో కుర్చీ, ఆదివారం పొద్దున మీటింగు. గరిటె తిప్పుతూనే విన్నాడు. "ఆదివారం పొద్దుగాల నాకు గిరాకీ టైం సార్, ఇంకో దినం పెట్టుకోండ్రి" అన్నాడు. మిగతా దినాల్లో మాకు ఆఫీసులున్నాయి. కోరం లేక సభ వాయిదా పడింది.