నేరం ఒకరిది, నోటీసు ఇంటి ఓనరుకి

మా పిన్ని కొడుకు అమెరికాలో, మిడ్‌వెస్ట్‌లోని ఒక చిన్న ఊళ్లో రెండు వాటాల ఇల్లు కొని అద్దెకిచ్చాడు. కింద వాటాలో ఒక రిటైరైన పెద్దాయన, పై వాటాలో ఇద్దరు పిల్లలతో ఒక ఒంటరి తల్లి. పోయిన చలికాలం అతనికి సిటీ ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రెండు నెలల్లో మీ ఇంటికి పోలీసులు మూడుసార్లు రావలసి వచ్చింది, దీన్ని ఆపడానికి మీరేం చేస్తారో పది రోజుల్లో రాసి పంపండి, లేకపోతే జరిమానా పడుతుంది, అద్దె లైసెన్సు కూడా పోవచ్చు అని అందులో ఉంది. ఆ మూడుసార్లూ 911కి ఫోన్ చేసింది పై వాటా ఆవిడే. మాజీ భర్త అర్ధరాత్రి వచ్చి తలుపు మీద తన్నుతుంటే పోలీసులను పిలిచింది. మావాడు ఆ ఉత్తరం ఫోటో తీసి నాకు పంపి, వెంటనే ఫోన్ చేశాడు. "నేనేం తప్పు చేశాను అన్నయ్యా? ఇల్లు అద్దెకిచ్చాను, అంతేగా!"

అంతే. అతను చేసింది అంతకుమించి ఏమీ లేదు. అయినా అక్కడి వందలాది నగరాల రూల్స్ ప్రకారం అతనే బాధ్యుడు.

ఈ రూల్స్ కథ క్లుప్తంగా చెబుతాను. 1992లో అరిజోనాలోని మేసా పోలీసులు 'క్రైమ్ ఫ్రీ మల్టీ హౌసింగ్' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. ఓనర్లకు ట్రైనింగ్, లీజులో ఒక అదనపు పేజీ, నేరం జరిగితే ఖాళీ చేయించే షరతు. మొదట్లో ఇష్టమున్నవాళ్లు చేరేవారు. తర్వాత చాలా ఊళ్లు దాన్ని తప్పనిసరి చేశాయి. దానికి తోడు న్యూసెన్స్ ఆర్డినెన్సులు, అంటే ఊరి కౌన్సిళ్లు చేసుకునే స్థానిక చట్టాలు, వచ్చాయి. ఇన్ని రోజుల్లో ఇన్నిసార్లు పోలీసులు వస్తే ఆ ఇల్లు 'న్యూసెన్స్', బిల్లు ఓనరు కట్టాలి. ఏ రూల్‌కి ఏ పేరు పెట్టినా లోపల ఉన్న ఆలోచన ఒకటే. నేరాన్ని అదుపు చేసే పని పోలీసుది కాదు, ఇల్లు అద్దెకిచ్చినవాడిది.

ఓనర్లు దీని మీద మండిపడుతున్నారు. వాళ్ల కోపం నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. కానీ ఆ కోపం చాలాసార్లు తప్పు మనిషి మీదికి పోతోంది. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

ముందు ఓనరు ఎక్కడ ఇరుక్కున్నాడో చూడండి. సిటీ ఉత్తరం పది రోజుల్లో చర్య తీసుకోమంటుంది. ఆ 'చర్య' అనే మాటకు ఆచరణలో ఒకటే అర్థం, అద్దెదారుని పంపించెయ్యమని. కానీ ఓనరు మనిషిని మెడపట్టి గెంటలేడు, గెంటకూడదు కూడా. రాష్ట్ర చట్టం ప్రకారం కోర్టుకు వెళ్లాలి, కారణం చూపాలి, సాక్ష్యం పెట్టాలి. ఆ సాక్ష్యం పోలీసుల దగ్గర ఉంటుంది. లాయరు ఫీజు మాత్రం ఓనరు జేబులోంచి పోతుంది. ఇక 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఉండనే ఉంది. జాతి, మతం, కుటుంబ పరిస్థితి చూసి మనిషిని తీసేస్తే అదే ఓనరు మీద ఇంకో కేసు పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అతనికి లాఠీ లేదు, సోదా చేసే అధికారం లేదు, ఎవరినీ అరెస్టు చేయలేడు. ఒక మనిషిని పోలీసు పని చెయ్యమని, పోలీసు అధికారం మాత్రం ఇవ్వకుండా, ఫలితం రాకపోతే జరిమానా వేస్తే దాన్ని పాలన అంటారా?

పెన్సిల్వేనియాలోని నారిస్‌టౌన్‌లో 2012లో జరిగింది చదివినప్పుడు నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. అక్కడ నాలుగు నెలల్లో మూడుసార్లు గొడవ జరిగితే ఓనరు లైసెన్సు పోయేది. ఒక తల్లిని మాజీ ప్రియుడు కొడుతున్నాడు. అలా లెక్కలోకి వచ్చే గొడవను 'స్ట్రైక్' అంటారు, అవి రెండు పడ్డాక పోలీసులను పిలవాలంటేనే ఆమెకు భయం పట్టుకుంది. చివరికి అతను పగిలిన గాజు ముక్కతో మెడలో పొడిచాడు. అప్పుడు కూడా ఆమె ఫోన్ చేయలేదు, పక్కింటివాళ్లు చేశారు. హెలికాప్టర్‌లో ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆమె తిరిగొచ్చేసరికి ఆమెను ఖాళీ చేయించాలని ఓనరు మీద ఒత్తిడి మొదలైంది. కేసు వేశాక 2014లో ఆ మునిసిపాలిటీ 4,95,000 డాలర్లు ఇచ్చి రాజీపడింది, ఆ ఆర్డినెన్సును రద్దు చేసింది. అదే ఏడాది పెన్సిల్వేనియా రాష్ట్రం ఇలాంటి బాధితులకు రక్షణగా చట్టం కూడా చేసింది. అంతా బాగానే ఉంది. కానీ రక్తం కారుతున్న మనిషి ఫోన్ వైపు చూసి, ఇల్లు పోతుందేమోనని ఆగిపోయిందంటే ఆ ఊరి రూల్ ఆమెకు ఏం నేర్పింది?

ఓనర్ల మాటకే వస్తాను. ఇల్లినాయి రాష్ట్రంలో గ్రానైట్ సిటీ అని ఒక ఊరుంది. ఇంట్లో ఉండేవాళ్లు గానీ, వాళ్ల దగ్గరికి వచ్చిన అతిథి గానీ ఊళ్లో ఎక్కడ పెద్ద నేరం చేసినా ఆ కుటుంబం మొత్తాన్నీ ఖాళీ చేయించాలని అక్కడ రూల్ పెట్టారు. ఒక కుటుంబం కొడుకు స్నేహితుడికి, ఎక్కడికీ పోయే దారిలేని కుర్రాడికి, కొన్నాళ్లు ఇంట్లో చోటిచ్చింది. ఆ కుర్రాడు ఒక రెస్టారెంట్‌లో దొంగతనం చేశాడు. వచ్చి తమ ఇంట్లో దాక్కుంటే పోలీసులకు పట్టించింది ఆ ఇంటావిడే. అయినా ఆ కుటుంబాన్ని ఖాళీ చేయించాల్సిందేనని సిటీ ఓనరుకు చెప్పింది. నాకు వాళ్ల మీద ఫిర్యాదేమీ లేదు, వాళ్లు మంచి అద్దెదారులు అని ఓనరు మొత్తుకున్నాడు. సిటీ వినలేదు. 2019లో విషయం ఫెడరల్ కోర్టుకెక్కింది. అద్దె తీసుకునేవాడికి అభ్యంతరం లేదు, ఇచ్చేవాడికి అభ్యంతరం లేదు, దొంగ దొరికాడు. మరి సిటీకి ఇంకేం కావాలి?

ఇలాంటి కేసులు చూశాకే నాకు ఒక సంగతి స్పష్టమైంది. ఈ విషయంలో ఓనరు, అద్దెదారు ఎదురెదురు పక్షాలు కాదు, ఒకే పక్షం. వాళ్లను ఎదురెదురుగా నిలబెట్టింది రూల్. మిల్వాకీ నగరంలో 2008, 2009 సంవత్సరాల న్యూసెన్స్ నోటీసులను పరిశీలించి 2013లో అచ్చయిన అధ్యయనం ఒకటుంది. ఆ నోటీసుల్లో దాదాపు మూడో వంతు గృహహింసకు సంబంధించినవే. అలాంటి నోటీసు అందుకున్న ఓనర్లలో నూటికి 83 మంది అద్దెదారుని ఖాళీ చేయించారు, లేదా చేయిస్తామని బెదిరించారు. నల్లజాతివారు ఎక్కువగా ఉండే పేటలకే ఈ నోటీసులు ఎక్కువగా వెళ్లాయి. ఆ 83 మందీ దుర్మార్గులా? కాదు. మా తమ్ముడి లాంటివాళ్లే. నోటీసు చేతిలో పట్టుకుని, టెన్షన్‌తో నిద్రపట్టక, కట్టాల్సిన బ్యాంకు వాయిదా లెక్కపెట్టుకుని ఆ పని చేసి ఉంటారు. కొందరు ఓనర్లు అద్దెదారులకు 911 బదులు మాకే ఫోన్ చెయ్యండని చెప్పారట. సిటీ రూల్ ఎంత చక్కగా 'పనిచేసిందో' చూడండి. పోలీసు కాల్స్ తగ్గాయి. దెబ్బలు తగ్గాయని ఎవరైనా చెప్పగలరా?

కాలిఫోర్నియాలోని హెస్పీరియా ఇంకో అడుగు ముందుకెళ్లింది. 2016లో అక్కడ అమల్లోకి వచ్చిన రూల్ ప్రకారం షెరీఫ్ ఆఫీసు, అంటే అక్కడి పోలీసులు, చెబితే చాలు, అరెస్టు లేకపోయినా, కేసు పెట్టకపోయినా, కోర్టు తీర్పు లేకపోయినా ఓనరు ఖాళీ చేయించాల్సి వచ్చేది. ఫెడరల్ ప్రభుత్వం కేసు వేస్తూ బయటపెట్టిన లెక్కల ప్రకారం, తెల్లవాళ్లతో పోలిస్తే నల్లజాతి అద్దెదారులు ఖాళీ అయ్యే అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. ఒక కౌన్సిల్ సభ్యుడైతే ఈ రూల్ 'జనాభా కూర్పు సమస్యను సరిదిద్దడానికి' అనేశాడు. అసలు సంగతి ఆ ఒక్క మాటలో బయటపడింది. 2022 డిసెంబరులో ఆ సిటీ, షెరీఫ్ ఆఫీసు కలిసి 9,50,000 డాలర్లకు రాజీకి వచ్చాయి. మరుసటి ఏడాది కాలిఫోర్నియా ఇలాంటి రూల్స్ మొత్తాన్నీ నిషేధిస్తూ చట్టం చేసింది. 2024 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. ఆ రాష్ట్రంలోనే ఈ రూల్స్‌ని పరిశోధించిన ర్యాండ్ సంస్థ, వీటి వల్ల నేరాలు తగ్గిన ఆధారం దొరకలేదని, ఖాళీ చేయించడాలు మాత్రం పెరిగాయని తేల్చింది.

అవతలివైపు వాదన ఉంది, అది కొట్టిపారేసేది కాదు. డ్రగ్స్ అమ్మే ఇంటి పక్కన పిల్లలతో కాపురముండేవాళ్ల బాధ నిజం. అన్నీ తెలిసి, అద్దె రెట్టింపు వస్తుందని కళ్లు మూసుకునే ఓనర్లూ ఉన్నారు. వాళ్లను శిక్షించాల్సిందే. కానీ దానికి మన దేశంలోనే సరైన కొలత ఉంది. మన ఎన్‌డీపీఎస్ చట్టం 25వ సెక్షన్ తన ఇంటిని డ్రగ్స్ నేరానికి వాడుకోనిచ్చిన ఓనరును శిక్షిస్తుంది, అయితే 'తెలిసి' వాడుకోనిస్తేనే. వ్యభిచార నిరోధక చట్టంలోనూ అదే మాట. (ఆ చట్టంలో ఇంకో వింత కూడా ఉంది. సోదాలో ఇల్లు వ్యభిచారానికి వాడుతున్నట్టు తేలిందని ఓనరు ఉండే ప్రాంతంలోని పేపర్లో వార్త పడితే చాలు, అతనికి తెలుసనే అనుకుంటారు. కాదని నిరూపించుకోవలసిన భారం అతనిదే. దాని గురించి మరోసారి రాస్తాను.) తెలిసి చేసినవాడికీ తెలియనివాడికీ తేడా చూడని రూల్ న్యాయం చెయ్యలేదు. పైగా అమెరికాలోని ఈ ఖాళీ చేయించే రూల్స్ సొంతింట్లో ఉన్నవాడి జోలికి పోవు. సొంతిల్లున్న కుటుంబంలో కొడుకు దొంగతనం చేస్తే కొడుకు జైలుకెళతాడు, ఇల్లు మాత్రం వాళ్లకే ఉంటుంది. అద్దెకున్న కుటుంబంలో అయితే చిన్న చెల్లెలితో సహా అందరూ రోడ్డున పడతారు. ఒకే నేరానికి రెండు శిక్షలు, ఇంటి కాగితాలు ఎవరి పేరున ఉన్నాయన్నదాన్ని బట్టి.

బాధ్యత నెత్తిన పడ్డ ఓనరు తర్వాత ఏం చేస్తాడో చెప్పడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ వీధుల్లో టులెట్ బోర్డులు చదివితే చాలు. ఫ్యామిలీస్ ఓన్లీ. బ్యాచిలర్లకు ఇవ్వబడదు. వెజిటేరియన్లకు మాత్రమే. ఏదైనా గొడవ జరిగితే స్టేషన్‌లో ఓనరుకు పడే మొదటి ప్రశ్న "ఎవరికిచ్చావ్, ఎందుకిచ్చావ్?" అన్నదే. ఆ ప్రశ్నకు భయపడేవాడు మనిషి రికార్డు చూడడు, మొహం చూస్తాడు. పేరు అడుగుతాడు, పేరు చివర ఏముందో వింటాడు. భర్త లేని ఆడమనిషికి, ముస్లిం కుటుంబానికి, ఈశాన్య రాష్ట్రాల కుర్రాళ్లకు "ఇల్లు అయిపోయిందండీ" అని చెబుతాడు. అందరూ పక్షపాతంతోనే చెయ్యరు, చాలామంది భయంతో చేస్తారు. కానీ ఇల్లు దొరకనివాడికి రెండింటికీ తేడా ఉండదు. ప్రభుత్వం ఓనరును కాపలావాడిగా పెట్టిన ప్రతిచోటా ఇదే జరుగుతుంది. అమెరికాలో లీజులో పేజీ చేరుస్తారు, ఇక్కడ బోర్డు మారుస్తారు.

ఇంకా లోతుకు వెళితే ఇది ఇంటినే నేరస్తుడిగా చూసే అలవాటు. మన దగ్గర దాని పేరు బుల్డోజర్. ఒకడి మీద ఆరోపణ వస్తే మర్నాడు అతని తల్లి వండుకునే వంటిల్లు నేలమట్టం. చాలామంది చప్పట్లు కొట్టారు. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు అది చెల్లదని చెప్పింది. కనీసం పదిహేను రోజుల నోటీసు లేకుండా కూల్చకూడదని, నేరం ఎవరిదో తేల్చాల్సింది కోర్టేనని, ఒకడి కోసం కుటుంబమంతటినీ శిక్షించడం కుదరదని, తలదాచుకునే గూడు జీవించే హక్కులో భాగమని చెప్పింది. మిల్వాకీ నోటీసుకీ ఆ బుల్డోజర్‌కీ శబ్దంలో తేడా ఉంది. ఒకటి పోస్టులో వస్తుంది, ఇంకోటి వీధిలోకి వస్తుంది. లోపల కూర్చుని ఉన్న పిల్లలకు మాత్రం రెండూ చెప్పేది ఒకటే, లేవండి, ఈ ఇల్లు ఇక మీది కాదు అని.

అందుకే అమెరికాలో ఇళ్లు అద్దెకిచ్చే మనవాళ్లకు, వాళ్లిప్పుడు తక్కువమందేమీ కాదు, నేను చెప్పేది ఒకటే. అద్దెదారు మీద కోపం తెచ్చుకుని నోటీసుకు లొంగకండి. 2022లో అక్కడ తిరిగి ఆమోదించిన మహిళలపై హింస నిరోధక చట్టంలో, 'వావా' అంటారు, ఒక సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం, అమెరికా ఫెడరల్ ప్రభుత్వం నుంచి సీడీబీజీ అనే స్థానిక అభివృద్ధి గ్రాంట్లు తీసుకునే స్థానిక ప్రభుత్వాలు, ఇంటి నుంచి సాయం కోసం పిలిచినందుకు ఎవరినీ శిక్షించకూడదు. తాము బాధితులైన నేరానికీ, తమ తప్పులేని నేరానికీ కూడా శిక్షించకూడదు. ఆ 'ఎవరినీ' అన్నదాంట్లో అద్దెదారుతో పాటు ఓనరు కూడా ఉన్నాడు. జరిమానా బెదిరింపు, అద్దె పర్మిట్ ఆపడం, ఇంటిని న్యూసెన్స్‌గా ముద్రవేయడం అన్నీ అందులో శిక్షలే. వాళ్లిద్దరూ ఒకే పక్షమని నేనన్నాను. చట్టం ఇద్దరినీ ఒకే వాక్యంలో పెట్టింది.

మా తమ్ముడు ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రమే పై వాటాకు వెళ్లి ఆవిడకు చూపించాడట. ఆవిడ చదివి, మడిచి తిరిగిచ్చి, "ఈసారి అతనొస్తే 911కి చెయ్యనా, నీకు చెయ్యనా?" అని అడిగింది. అతనికి జవాబు తోచలేదు. కిందికొచ్చి నాకు ఫోన్ చేసింది అప్పుడే. ఆ సెక్షన్ ప్రింటు తీసి ఆవిడకో కాపీ ఇమ్మన్నాను. ఇచ్చాడు. సిటీ కౌన్సిల్ తర్వాతి మీటింగులో మాట్లాడటానికి ఇద్దరూ పేర్లు రాయించారు. మనిషికి మూడు నిమిషాలు ఇస్తారట. ముందు ఆవిడ మాట్లాడుతుంది, తర్వాత మావాడు.