క్రీమ్ మునిగింది మామయ్యగారూ!

డిసెంబరు కదా, డబ్లిన్‌లో నిన్న సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడింది. గుంటూరు నుంచి కూతురి దగ్గరికొచ్చిన మామగారు హీటర్ పక్కన శాలువా కప్పుకుని కూర్చున్నారు. పక్కింటి ఐరిష్ పెద్దాయన పలకరించిపోదామని వచ్చాడు. "వాళ్ళ కాఫీయే వాళ్ళకి పెట్టు బాబూ, మర్యాదగా ఉంటుంది" అన్నారు మామగారు. అల్లుడు సరేనన్నాడు. సంగతి సగం అక్కడే చెడింది.

ఐరిష్ కాఫీలో పడేవి నాలుగంటే నాలుగే. వేడి కాఫీ 120 మి.లీ., ఐరిష్ విస్కీ 40 నుంచి 50 మి.లీ., రెండు టీస్పూన్ల బ్రౌన్ షుగర్, పైన ఫ్రిజ్‌లోంచి తీసిన క్రీమ్ ఓ 50 మి.లీ. గ్లాసులో ముందు వేడి నీళ్ళు పోసి, నిమిషం ఆగి పారబోయాలి. చల్లటి గ్లాసైతే కాఫీ వేడినంతా తనే లాగేసుకుంటుంది, ఒక్కోసారి చిటుక్కుమని పగులుతుంది కూడా. కాఫీ సలసలా కాగుతుండగా పోయకూడదు. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ఆవిరి నేరుగా ముక్కుకెక్కి, తాగేవాడికి మొదటి గుక్కకు ముందే దగ్గొస్తుంది. ఇవన్నీ అల్లుడు బుద్ధిగానే చేశాడు. చిక్కు పంచదార దగ్గరొచ్చింది.

"నాకు పంచదార వద్దు. షుగరుంది" అన్నారు మామగారు.

"మరి విస్కీ, మామయ్యగారూ?"

"అది చలికి కదా!"

ఏ డాక్టరు ఏ సందర్భంలో అలా చెప్పాడో అడిగే ధైర్యం ఏ అల్లుడికీ ఉండదు. మామగారు చొక్కా జేబులోంచి చిన్న డబ్బా తీసి, టిక్కుటిక్కుమని రెండు తీపి బిళ్ళలు గ్లాసులో రాల్చారు. పెద్దలు ముందుండాలి గనుక మొదటి గ్లాసు ఆయనదే.

నిజానికి ఈ కాఫీలో పంచదార తీపి కోసం మాత్రమే కాదు, బరువు కోసం. 75 డిగ్రీల వేడి నీళ్ళు లీటరు తూచితే 975 గ్రాములే ఉంటాయి. 40 శాతం ఆల్కహాల్ ఉన్న విస్కీ అంతకన్నా తేలిక, చల్లగా ఉన్నప్పుడే లీటరు దాదాపు 950 గ్రాములు. ఫ్రిజ్‌లోంచి తీసిన క్రీమేమో లీటరు దాదాపు కిలో. అంటే కింద తేలికది, పైన బరువైంది. ఇక మునగక ఏం చేస్తుంది? రెండు చెంచాల పంచదార, అంటే 8 గ్రాములు, కరిగితే కాఫీ బరువు లీటరు లెక్కన 20 గ్రాముల దాకా పెరుగుతుంది. తీపి బిళ్ళ బరువు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. నాలుక మోసపోతుంది గానీ క్రీమ్ మోసపోదు.

పంచదార వేసినా పూర్తిగా గట్టెక్కలేం. మిగతా పని గాలి చెయ్యాలి. క్రీమ్‌ను కొద్దిగా చిలికితే అందులో గాలి బుడగలు చిక్కుకుని అది తేలికవుతుంది. ఈ ఒక్క ముక్కే అల్లుడు చూసిన వీడియోలో లేదు. ఆ వీడియోలో వంటగది కిటికీ ఉంది, కిటికీలో పిల్లి ఉంది, చెక్కబల్ల చరిత్ర ఉంది, గంట గుర్తు నొక్కమన్న వేడుకోలు మూడుసార్లు ఉంది. క్రీమ్ డబ్బా చేతిలోకి తీసుకోగానే టక్కున కోత. తర్వాతి దృశ్యంలో క్రీమ్ కాఫీ మీద ఠీవిగా తేలుతోంది. మధ్యలో ఏం జరిగిందో ఆ దేవుడికీ ఆ పిల్లికీ తెలియాలి.

సరే, అల్లుడు చెంచా బోర్లించి, దాని వీపు మీదుగా డబ్బాలోని క్రీమ్‌ను ఉన్నదున్నట్టు పోశాడు. చెంచా బోర్లించడం దాకా పద్ధతి సరైనదే.

క్రీమ్ పిలవని పేరంటానికొచ్చిన మనిషిలా గ్లాసు అంచు దగ్గర ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత దిగింది. ముందు ఒక తెల్లటి దారం కిందికి జారింది. దాని వెనక ఇంకోటి. అడుగును తాకి, చుట్టలు చుట్టుకుని, మళ్ళీ పైకి లేచాయి. గాజు గ్లాసు కాబట్టి ఆ భాగవతమంతా నలుగురికీ కనిపిస్తోంది. స్టీలు గ్లాసులో పోసుకుంటే పరువు దక్కేది.

"మునుగుతోందేంటి బాబూ?"

"మునగాలి మామయ్యగారూ."

పక్కింటి పెద్దాయన ఆ కాఫీని పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చూస్తున్న మనిషి. గ్లాసు వంక చూడకుండా కిటికీ వంక తిరిగి, ఈ వారం వాన కాస్త నయమేనన్నాడు. ఐర్లండులో మర్యాద తెలిసినవాళ్ళు అంతే, ఎదుటివాడు ఇబ్బందిలో ఉంటే వాన సంగతెత్తుతారు. బయట వాన కురుస్తూనే ఉంది.

మునగడం ఈ అల్లుడితోనే మొదలవలేదు. 1943 చలికాలంలో లిమెరిక్ కౌంటీలోని ఫాయిన్స్‌లో, నీటి మీద దిగే విమానాల స్థావరంలో, వాతావరణం బాగోక వెనక్కొచ్చిన ప్రయాణికుల కోసం జో షెరిడన్ అనే వంటాయన ఈ కాఫీ కలిపాడంటారు. 1952లో స్టాంటన్ డెలాప్లేన్ అనే విలేకరి, అప్పటికే పులిట్జర్ బహుమతి అందుకున్నవాడు, శాన్ ఫ్రాన్సిస్కోలోని బ్యూనా విస్టా కెఫే యజమాని జాక్ కెప్లర్‌తో కలిసి దాన్ని అక్కడ చెయ్యబోయాడు. క్రీమ్ మునిగింది. మళ్ళీ చేశారు, మళ్ళీ మునిగింది. చివరికి పాడి వ్యాపారమున్న జార్జ్ క్రిస్టఫర్‌ను అడిగారు. ఆయన తర్వాత ఆ ఊరి మేయరయ్యాడు. క్రీమ్‌ను 48 గంటలు నిలవుంచి, సరిగ్గా తగినంత నురగ వచ్చేలా చిలికితే తేలుతుందని అక్కడ తేలింది. పులిట్జరంతటి బహుమతి వచ్చినా క్రీమ్ ఖాతరు చెయ్యలేదు. తీపి బిళ్ళల్ని చేస్తుందా?

ఈలోగా అమ్మాయి వంటింట్లోంచి వచ్చింది.

"చిలికారా అండీ?"

"వీడియోలో చిలకలేదు."

"వీడియోలో వాళ్ళ మామగారు కూడా లేరు."

రెండో గ్లాసుకు అల్లుడు అందిన సీసా తీసుకుని క్రీమ్ పోయబోయాడు. అది మొన్నటిదాకా ఆవకాయ ఉన్న సీసా. కొవ్వుకు వాసనల్ని పట్టేసే గుణం ఉంది, ఎన్నిసార్లు కడిగినా ఆవకాయ సీసా ఆవకాయ సీసానే. అమ్మాయి దాన్ని లాక్కుని జామ్ సీసా ఇచ్చింది. సీసాలో సగానికి మించి క్రీమ్ ఉండకూడదు, గాలికి చోటుండాలి. మూత బిగించి పదిహేను ఇరవై సెకన్లు ఊపితే చాలు. బుడుక్ బుడుక్ అనే చప్పుడు మెత్తబడగానే ఆపెయ్యాలి. చెంచాతో తీసి వంచితే తెగకుండా జారాలి. ముద్దగా ఊడిపడితే ఎక్కువైనట్టు. అది గ్లాసు మీద గడ్డలా కూర్చుంటుంది, కింది కాఫీ పెదవికి అందదు. ఇంకా ఊపితే వెన్నే. హైదరాబాదులో చేసుకునేవాళ్ళకి ఇంకో తలనొప్పి. అక్కడ కొట్లలో మామూలుగా దొరికే డబ్బా క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే, ఎంత ఊపినా గాలి నిలవదు. 30 దాటినది కావాలి, 35 ఉంటే నిశ్చింత.

రెండో గ్లాసులో పంచదార పడింది. కాఫీ పోశాక అది అడుగున మిగలకుండా కలిపాడు. కలపడమేదైనా ఉంటే క్రీమ్‌కు ముందే, తర్వాత చెంచా పెట్టకూడదు. చల్లటి క్రీమ్ పొర కిందినుంచి వేడి కాఫీ రావాలి, అందులోనే ఉంది మజా. బొటనవేలు వెడల్పున ఖాళీ వదిలి, చెంచా వీపు కాఫీకి ఆనించి, నెమ్మదిగా పోశాడు. క్రీమ్ తేలింది. తెలుపు తెలుపుగా, నలుపు నలుపుగా, మధ్యన గీత గీసినట్టు. పెద్దాయన వాన మాట ఆపి గ్లాసు వంక చూశాడు. అల్లుడు వెన్ను నిటారుగా చేసుకుని గ్లాసు ఆయన ముందు పెట్టాడు.

మామగారు అప్పటికి తన గ్లాసు ఖాళీ చేసేశారు. పాలు చక్కగా కలిశాయని మెచ్చుకున్నారు కూడా. అతిథి గ్లాసు మీద తెల్లటి తెట్టు చూసి నొచ్చుకున్నారు.

"అయ్యయ్యో, ఈయనకి సరిగ్గా కలపలేదు బాబూ" అంటూ చెంచా అందుకుని, గ్లాసు అడుగుదాకా ముంచి, గిరగిరా నాలుగు తిప్పులు తిప్పారు.